ఒంటిస్తంభపు మేడ : కౌమారమున రేపటి చింత

రేపటిని గూర్చి తలపోయుట మానవునకు సహజము. చీమ వానకాలమునకై గింజలు కూడబెట్టును. తేనెటీగ పూలు లేని దినములకై తేనె దాచును. కాని రాబోవు దినమున తానెచ్చట నుండును, ఎట్లుండును, ఎవరి నడుమ నుండును అని మనస్సున చిత్రించుకొని, ఆ చిత్రమును చూచి తానే సంతోషించుట, తానే భయపడుట అనునది మానవునియందు కానవచ్చినంతగా మరి యే ప్రాణియందును కానరాదు. ఈ శక్తి బాల్యమున మొలకగా నుండి, కౌమారమున వేగముగా విస్తరించును. అయిదేండ్ల బాలునకు రేపు అనగా పండుగయో, సెలవు దినమో. పదునైదేండ్ల బాలునకు రేపు అనగా మిగిలిన జీవితమంతయు. ఆ వయస్సున "నేనేమి కాగలను?" అను ప్రశ్న తొలిసారిగా లోపలినుండి పుట్టును. వెనువెంటనే "నీవేమి కావలెను?" అను ప్రశ్న బయటినుండి వచ్చును. రెండవ ప్రశ్న యొక్క ధ్వనికి మొదటి ప్రశ్న వినబడకుండ పోవుట నేటి ఇండ్లలో తరచుగా జరుగుచున్నది.

ఇందుండి ధర్మసంబంధమైన విచారమొకటి బయలుదేరును. రేపటి కొరకు నేటిని ఎంతవరకు తాకట్టు పెట్టవచ్చును? బిడ్డ యొక్క రేపటిని నిర్ణయించు అధికారము ఎవరికి కలదు? తన దేహమును, తన మనస్సును కాపాడుకొనుట స్వార్థమా, కర్తవ్యమా? ఇవి పండితులు తీరిక వేళల చర్చించుకొను ప్రశ్నలుగా తోచవచ్చును. కాని పదవ తరగతి ముగించిన బిడ్డ యున్న ప్రతి యింటను వీనికి ఎవరో ఒకరు, తెలిసియో తెలియకయో, సమాధానము చెప్పుచునే యున్నారు. ఏ కళాశాలలో చేర్పవలెను, హాస్టలులో నుంచవలెనా, దినమునకెన్ని గంటలు చదివింపవలెను, ఆటపాటలు మాన్పింపవలెనా అను నిర్ణయములన్నియు ఆ ప్రశ్నలకు సమాధానములే.

ముందుగా, రేపటిని ఊహించు శక్తి ఎట్టిదో తెలిసికొనుట అవసరము. కెనడా దేశమున టొరంటో విశ్వవిద్యాలయమునకు చెందిన ఎండెల్ టల్వింగ్ అను మనస్తత్త్వ శాస్త్రజ్ఞుడు 1985లో ప్రకటించిన వ్యాసమున, తలకు గాయము తగిలి జ్ఞాపకశక్తిని కోల్పోయిన ఒక వ్యక్తిని గూర్చి వివరించెను. ఆ వ్యక్తికి భాష చెడలేదు, లోకజ్ఞానము చెడలేదు. కాని తన జీవితమున జరిగిన సంఘటన ఒక్కటియు జ్ఞప్తికి తెచ్చుకొనలేకపోయెను. రేపు ఏమి చేయుదువని అడిగినప్పుడు, నిన్నటివలెనే రేపును అతనికి శూన్యముగా తోచెను. గతమును స్మరించుటకును, భవిష్యత్తును ఊహించుటకును మెదడులో చాలవరకు ఒకే భాగములు పనిచేయునని తదుపరి పరిశోధనలును తెలిపినవి. అనగా రేపటి ఇంటికి కావలసిన ఇటుకలు నిన్నటి అనుభవముల మట్టితోనే తయారగుచున్నవి.

ఈ విషయమును పిల్లల జీవితమునకు అన్వయించి చూడవలెను. సెలవులలో తాతగారి ఊరికి పోయి చెరువులో ఈత నేర్చినవాడు, పెద్దమ్మ కూతురి పెండ్లిలో విస్తళ్లు వేసి వడ్డించినవాడు, తెగిన సైకిలు గొలుసును తానే బిగించుకొన్నవాడు, జ్వరముతో పడుకొన్న అవ్వకు రాత్రివేళ మందు త్రాగించినవాడు తన రేపటిని పలు విధములుగా ఊహించుకొనగలడు. ఒక విధమున విఫలుడైనను మరియొక విధమున ఉపయోగపడగలనని అతనికి అనుభవపూర్వకముగా తెలియును. ఆరవ తరగతి మొదలుకొని ప్రశ్నపత్రములు, వారాంతపు పరీక్షలు, గోడపై అంటించిన ర్యాంకుల పట్టికలు తప్ప మరేమియు ఎరుగని బిడ్డకు అట్టి సామగ్రి యెక్కడిది? అతని నిన్నలన్నియు ఒకే రీతివి గనుక, రేపులును ఒకే రీతిగా కానవచ్చును. ర్యాంకు వచ్చిన రేపు ఒకటి. రాని రేపు మరియొకటి. రెండవ దానియందు తాను ఏమి చేయుచుండునో అతనికి చిత్రమే తోచదు.

మహాభారతమున పరీక్షిన్మహారాజు కథ తెలుగువారికి సుపరిచితము. ఏడు దినములలో తక్షకునిచే మరణము కలుగునను శాపము విని, ఆ రాజు ఒంటిస్తంభపు మేడను కట్టించెను. చుట్టును కాపలా పెట్టించెను. విషవైద్యులను, మంత్రవేత్తలను దగ్గర నుంచుకొనెను. గాలి కూడ అనుమతి లేక చొరరానంతటి కట్టుదిట్టము చేయించెను. కాని తక్షకుడు బయటినుండి ప్రాకుచు రాలేదు. కానుకగా వచ్చిన పండులో పురుగై చొచ్చి వచ్చెను. ఆపద రాకుండ కట్టిన మేడలోనికి, ఆదరముతో అందుకొన్న ఫలములోనే ఆపద వచ్చెను.

నేటి తల్లిదండ్రులు బిడ్డల కొరకు కట్టుచున్న భవిష్యత్తు అనేక పర్యాయములు ఇట్టి ఒంటిస్తంభపు మేడయే. జేఈఈ అనియో, నీట్ అనియో ఒక స్తంభము నిలుపుదురు. దానిపైననే ఉద్యోగము, గౌరవము, వివాహము, తల్లిదండ్రుల వార్ధక్యము మున్నగు అంతస్తులన్నియు కట్టుదురు. ఇది ప్రేమలేనివారి పని కాదు. మిక్కిలి ప్రేమ కలవారి పనియే. వర్షాధారమైన రెండెకరములతో జీవితమంతయు పోరాడిన రైతు తన కుమారుడు ఆ పోరాటమున పడరాదని కోరుకొనుట తప్పు కాదు. చదువు వలన ఎన్నో కుటుంబములు పేదరికమునుండి బయటపడిన మాట సత్యము. కావున వారి ఆశను పరిహసించుట అన్యాయము. ఆశపడుటయందు దోషము లేదు. మేడయంతటికి ఒక్కటే స్తంభము నిలుపుటయందే దోషము కలదు.

ఆ స్తంభము కదలినప్పుడు ఏమి జరుగునో 2019 ఏప్రిల్ నెలలో తెలంగాణ రాష్ట్రము చూచినది. ఆ నెల 18వ తేదీన ఇంటర్మీడియెట్ ఫలితములు వెలువడినవి. ఫలితముల తయారీలో పొరపాట్లు దొర్లినవి. తెలుగులో 99 మార్కులు రావలసిన ఒక విద్యార్థినికి సున్న అని చూపబడినది. తదుపరి కొలది దినములలోనే ఇరువది మందికి పైగా విద్యార్థులు ప్రాణములు తీసికొనిరి. తప్పినవారందరి జవాబుపత్రములను రుసుము లేకుండ మరల పరిశీలింపవలెనని ప్రభుత్వము ఆజ్ఞాపించినది. కాగితముపై తప్పుగా పడిన అంకెను దిద్దవచ్చును. పోయిన ప్రాణమును దిద్దుటకు వీలులేదు. దేశమంతట చూచినచో, జాతీయ నేర నమోదు సంస్థ లెక్కల ప్రకారము 2022వ సంవత్సరమున ఆత్మహత్య చేసికొన్న విద్యార్థుల సంఖ్య 13,044. వీరందరి మృతికి పరీక్షలే కారణమనుట సరికాదు. కుటుంబ కలహములు, అనారోగ్యము, అవమానములు, గుర్తింపబడని మనోవ్యాధులు ఎన్నియో కలిసి ఒక ప్రాణమును క్రుంగదీయును. కాని ఆ ప్రాణములలో ప్రతి యొక్కదానికిని తన రేపు కానరాకుండ పోయిన క్షణము ఒకటి యుండవలెను. ఆ క్షణము ఎట్లు వచ్చునో తెలిసికొనుట పెద్దలకు విధియే గాని, అపశకునము కాదు.

ఈ విషయమున 1993లో ఆండ్రూ మెక్లౌడ్ మున్నగు బ్రిటిష్ శాస్త్రజ్ఞులు ప్రకటించిన పరిశోధన గమనింపదగినది. ప్రాణము తీసికొన యత్నించి బ్రతికి బయటపడినవారిని, ఇతరులను కూర్చుండబెట్టి, రాబోవు దినములలో జరుగునని తాము తలచుచున్న మంచి విషయములను, చెడు విషయములను కొద్దిపాటి వ్యవధిలో చెప్పుమనిరి. ప్రాణము తీసికొన యత్నించినవారు చెడు విషయములను ఎక్కువగా చెప్పుదురని ఎవరైనను అనుకొందురు. కాని అట్లు జరుగలేదు. చెడు విషయములను వారు ఇతరులకంటె ఎక్కువగా చెప్పలేదు. మంచి విషయములను మాత్రము తక్కువగా చెప్పిరి. దీనియందు గొప్ప సత్యమున్నది. మనిషిని అంచునకు చేర్చునది రేపటి భయము అధికమగుట కాదు. రేపటియందు ఎదురుచూడదగిన మంచి తరిగిపోవుట. కావున "భయపడకుము" అని బిడ్డకు చెప్పినంత మాత్రమున చాలదు. వచ్చు ఆదివారము, వచ్చు నెల, వచ్చు వేసవి అతడు ఎదురుచూడదగినదేమైన కలదా అని చూడవలెను. లేకున్నచో కల్పింపవలెను.

ఆశను ఒక్క తేదీకి ముడివేయుట ఎంత ప్రమాదకరమో వియన్నా నగరమునకు చెందిన మనోవైద్యుడు విక్టర్ ఫ్రాంకెల్ చెప్పెను. ఆయన రెండవ ప్రపంచ యుద్ధ కాలమున నాజీల నిర్బంధ శిబిరములలో బందీగా గడిపి, ఆ అనుభవములను 1946లో గ్రంథరూపమున వెలువరించెను. 1944 క్రిస్మస్ పండుగకును, 1945 నూతన సంవత్సర దినమునకును నడుమ నున్న వారమున శిబిరమున మరణములు మిక్కుటమయ్యెనట. ఆహారము అంతకుముందుకంటె తగ్గలేదు, పని పెరుగలేదు, క్రొత్త వ్యాధి యేదియు రాలేదు. క్రిస్మస్ నాటికి ఇల్లు చేరుదుమని చాలమంది ఆశ పెట్టుకొనిరి. ఆ దినము వచ్చి పోయెను, ఇల్లు రాలేదు. దానితో వారి దేహములు వ్యాధిని ఎదుర్కొను సత్తువను కోల్పోయెనని శిబిర వైద్యుడు తలచెను. బడి పిల్లవానికిని, ఆ శిబిరవాసికిని పోలిక లేదు. ఐనను ఫలితముల దినము ఒక్కటే తన రేపు అని నమ్మిన బిడ్డ, ఆ దినము గడచిన మరునాడు ఏ రేపును చూచి లేచునో ఆలోచింపవలసియున్నది.

ఇచ్చట పెద్దలు ఒక అభ్యంతరము చెప్పుదురు. ఏకాగ్రత లేనిదే విద్య లేదు గదా. ద్రోణుడు పరీక్షించినప్పుడు అర్జునునకు పక్షి కన్ను తప్ప చెట్టు గాని, కొమ్మ గాని, గురువు గాని కనబడలేదు గదా. అట్టి గురి నేటి పిల్లలకు వలదా అని వారి ప్రశ్న. ఈ ప్రశ్న న్యాయమైనదే. కాని అర్జునుని కథను ఆ చెట్టు క్రిందనే నిలిపివేయరాదు. బాణము విడుచు క్షణమున అతనికి పక్షి కన్ను మాత్రమే కనబడినది. బాణము విడిచిన పిదప చెట్టును, ఆకాశమును, అన్నదమ్ములును కనబడకుండిరా? ఆ అర్జునుడే ఇంద్రలోకమున చిత్రసేనుని వద్ద నృత్యగీతములు నేర్చెను. ఆ విద్య ఏ యుద్ధమునకును పనికివచ్చునది కాదు. అజ్ఞాతవాసము వచ్చినప్పుడు మాత్రము, గాండీవము జమ్మిచెట్టుపై నుండగా, అతనిని ఏడాది పాటు కాపాడినది ఆ నృత్యవిద్యయే. విరాటుని కొలువున బృహన్నలగా ఉత్తరకు నాట్యము నేర్పుచు అతడు తలదాచుకొనెను. అర్జునుని మేడకు స్తంభములు పెక్కు కలవు. ఏకాగ్రత పనియందు ఉండవలెను. జీవితమంతయు ఒకే పనియందు ఉండనక్కరలేదు.

వృత్తులలో ఒకటి ఎక్కువ, మరియొకటి తక్కువ అను భావమే ఒంటిస్తంభమునకు పునాది. పన్నెండవ శతాబ్దమున కల్యాణ పట్టణమున బసవేశ్వరుని చుట్టును చేరిన శరణులలో బట్టలుతుకు మడివాళ మాచయ్యయు, పడవ నడపు అంబిగర చౌడయ్యయు, త్రాళ్లు పేను నులియ చందయ్యయు ఉండిరి. కాయకమును బట్టి వారి గౌరవమునకు లోపము కలుగలేదు. ఆ పేర్లను భక్తితో స్మరించు ఇంటియందే, డాక్టరుగానో ఇంజనీరుగానో కాని బిడ్డను బంధువుల యెదుట చెప్పుకొనుటకు తల్లిదండ్రులు సిగ్గుపడినచో, ఆ స్మరణకు అర్థమేమి? బిడ్డ చెవులు ఉపన్యాసమును వినకపోవచ్చును. ఆ సిగ్గును మాత్రము తప్పక వినును.

ఇక రెండవ ప్రశ్న. తన్ను తాను కాపాడుకొనుట స్వార్థమా? వేళకు నిదురించుట, కడుపునిండ తినుట, కొంతసేపు ఆడుకొనుట, దుఃఖము కలిగినప్పుడు ఎవరితోనైనను చెప్పుకొనుట సామాన్యముగా విద్యార్థికి తగని సుఖములుగా లెక్కింపబడుచున్నవి. తెల్లవారుజామున నాలుగు గంటలకు లేపి, రాత్రి పదకొండు గంటల వరకు కూర్చుండబెట్టుట క్రమశిక్షణ అనిపించుకొనుచున్నది. కాని పదమూడు మొదలు పదునెనిమిదేండ్ల వరకు గలవారికి దినమునకు 8 మొదలు 10 గంటల నిద్ర అవసరమని అమెరికాలోని నిద్రావైద్యుల సంఘము 2016లో నిర్ధారించినది. ఆ వయస్సున నిద్ర వచ్చు వేళ సహజముగానే ఆలస్యమగును. ఇది సోమరితనము కాదు, దేహధర్మము. ఈ ధర్మమును గుర్తించియే కాలిఫోర్నియా రాష్ట్రమున ఉన్నత పాఠశాలలు ఉదయము ఎనిమిదిన్నరకు ముందు ప్రారంభింపరాదను చట్టము 2022 జూలై నుండి అమలులోనికి వచ్చినది. చదివినది మనస్సున నిలుచుట కూడ నిద్రలో జరుగు పనియే. నిద్రను కోసి చదువునకు కలుపువాడు, విత్తనపు ధాన్యమును వండుకొని తినువానివంటివాడు.

రైతు ఎడ్లను రాత్రింబవళ్లు కాడికి కట్టి యుంచడు. వానికి మేత వేయును, నీరు పెట్టును, నీడన కట్టివేయును. అది ఎడ్లకు చేయు ఉపకారమని అతడు తలపడు. వ్యవసాయములో భాగమనియే తలచును. ఎడ్లపై చూపు ఈ వివేకము బిడ్డపై చూపకుండుట వింత. ఐనను ఈ వింతకు కారణమున్నది. రుసుములకై పొలము తాకట్టు పెట్టిన సంగతి, అమ్మ మెడలోని గొలుసు అమ్మిన సంగతి బిడ్డకు తెలియును. "అంతయు నీ కొరకే" అను మాట ప్రతి సెలవునకు వినుచుండును. అప్పటినుండి నిద్ర అతనికి దొంగతనమువలె తోచును. ఆట ద్రోహమువలె తోచును. తన దేహము తనది కాదనియు, అప్పు తీరువరకు అది అప్పులవాని సొత్తనియు లోలోపల భావించును. తన్ను కాపాడుకొనుట స్వార్థమను తలంపు పుట్టునది ఇచ్చటనే.

ఈ తలంపు ధర్మవిరుద్ధము. కృతజ్ఞత వేరు, తాకట్టు వేరు. కన్నవారి త్యాగమును మరువకుండుట బిడ్డ ధర్మము. కాని తన ప్రాణమును, మనశ్శాంతిని వెలగా చెల్లించుట ఆ ధర్మములో లేదు. అట్టి చెల్లింపును ఏ తల్లియు, ఏ తండ్రియు కోరలేదు. అడిగినచో అందరును "మాకు నీకంటె ర్యాంకు ఎక్కువా?" అనియే అందురు. చిక్కు ఏమనగా, ఆ మాట వారు ముందుగా చెప్పరు. విషాదము జరిగిన పిదప చెప్పుదురు. బ్రతికియున్న బిడ్డకు, మార్కులు రాకమునుపే, స్పష్టమైన మాటలతో, ఒకసారి కాదు పలుమార్లు చెప్పవలసిన మాట అది.

మరియొక అన్యాయమును గూర్చి కూడ చెప్పవలసియున్నది. మనస్సును కాపాడుకొనుమని పిల్లలకు బోధించు ఉపన్యాసములు ఇటీవల పెరిగినవి. ప్రాణాయామము చేయుమందురు, ధైర్యముగా నుండుమందురు. మంచిదే. కాని దినచర్యలో అరగంట తీరిక కూడ నీయక, నీ మనస్సును నీవే చూచుకొనుమనుట చిల్లికుండ చేతికిచ్చి నీరు తెమ్మనుటవంటిది. తన్ను తాను కాపాడుకొను శక్తి బిడ్డకు పుట్టుకతో రాదు. ఎవరో తన్ను కాపాడుచుండగా చూచి నేర్చుకొనును. ముందుచూపునకును, నిదానమునకును ఆధారమైన మెదడు భాగములు ఇరువదియవ యేడు దాటిన తరువాత గాని పూర్తిగా పరిపక్వము కావు. కావున ఆ భారమును ఒంటరిగా బిడ్డ తలపై నుంచుట పెద్దల బాధ్యతను దాటవేయుటయే యగును.

రేపటి కొరకు ఓర్పు వహింపుమని చెప్పువారు తమ మాటకు నిలిచియుండవలెను. అమెరికాలోని రాచెస్టర్ విశ్వవిద్యాలయమున జరిగి 2013లో ముద్రితమైన ఒక ప్రయోగమున, మూడు మొదలు అయిదేండ్ల పిల్లలకు ఒక మిఠాయి నిచ్చి, కొంతసేపు తినక ఆగినచో మరియొకటి ఇత్తుమనిరి. అంతకుముందు కొందరు పిల్లల యెడ పెద్దలు మాట నిలుపుకొనిరి; కొందరి యెడ మాట తప్పిరి. మాట నిలిచిన చోట పిల్లలు సగటున పండ్రెండు నిమిషములు ఆగిరి; మాట తప్పిన చోట మూడు నిమిషములే ఆగిరి. అనగా ఓర్పు పిల్లవాని గుణము మాత్రమే కాదు. పెద్దలపై అతనికున్న విశ్వాసము కూడ. "ఈ రెండేండ్లు కష్టపడుము, పిదప అంతయు సుఖమే" అని ఇంటర్మీడియెట్‌లో చెప్పుదురు. ఆ రెండేండ్లు గడచిన పిదప మరల అదే మాట. దీర్ఘశిక్షణ అనియు, మరల పరీక్ష అనియు, ఉద్యోగ పరీక్ష అనియు రేపు వెనుకకు జరుగుచునే యుండును. పలుమార్లు మాట తప్పిన రేపటిని బిడ్డ ఎట్లు నమ్మును? నేటియందు కొంత సుఖము, కొంత గౌరవము ఇచ్చినవాడే రేపటిని గూర్చి చెప్పుటకు అర్హుడు.

చేయదగిన పనులు లేకపోలేదు. ఫ్రాంకెల్ యుద్ధమునకు పూర్వమే, యువకుడుగా నుండినప్పుడు, వియన్నాలోను మరికొన్ని నగరములలోను కౌమార వయస్కుల కొరకు ఉచిత సలహా కేంద్రములను నెలకొల్పెను. 1930 ప్రాంతమున బడులలో మార్కుల పట్టికలు ఇచ్చు సమయమునకు ప్రత్యేకమైన ఏర్పాటు చేసెను. ఎన్నియో ఏండ్ల తరువాత మొదటిసారిగా, ఆ తరుణమున ఆ నగరమున విద్యార్థి ఆత్మహత్య ఒక్కటియు సంభవింపలేదని చెప్పుదురు. అపాయము ఏ దినమున వచ్చునో తెలిసియున్నప్పుడు, ఆ దినమున మనుష్యులను నిలుపుట సాధ్యమేనని ఇది తెలుపుచున్నది.

విశాఖపట్టణమున నీట్ పరీక్షకు సిద్ధమగుచుండిన ఒక విద్యార్థిని మృతికి సంబంధించిన వ్యాజ్యమున, 2025 జూలై 25వ తేదీన భారత సర్వోన్నత న్యాయస్థానము తీర్పు చెప్పుచు, మానసిక ఆరోగ్యము జీవించు హక్కులో అంతర్భాగమని పేర్కొన్నది. నూరుమంది గాని, అంతకు మించి గాని విద్యార్థులున్న సంస్థలలో అర్హుడైన మానసిక సలహాదారు ఉండవలెననియు, మార్కులను బట్టి విద్యార్థులను వేరువేరు జట్లుగా విడదీయరాదనియు ఆదేశములలో నున్నది. కేంద్ర ప్రభుత్వము 2022 అక్టోబరు 10న ప్రారంభించిన టెలీ మానస్ సేవకు 14416 అను సంఖ్యకు ఫోను చేసి, రేయింబవళ్లు ఏ వేళనైనను, తెలుగులోను మాటలాడవచ్చును. ఈ సంఖ్యను పరీక్షల కాలపట్టిక ప్రక్కనే గోడపై వ్రాసి యుంచుట ప్రతి యింటికిని తగును.

ఇంటిలో చేయదగినది ఇంకను సులభము. బిడ్డ నిద్ర మారినను, అన్నము సహించకున్నను, స్నేహితులకు దూరమైనను, తాను ఇంటికి భారమనెడి మాట ఒక్కసారి యైనను అన్నను, దానిని నటనగా త్రోసివేయరాదు. ప్రక్కన కూర్చుండి అడుగవలెను. చనిపోవలెనని తోచుచున్నదా అని నేరుగా అడిగినచో లేని తలంపు పుట్టునని పలువురు వెరతురు. ఈ వెరపు నిరాధారమని వైద్యులు చెప్పుచున్నారు. మెల్లగా, నిందలేక అడిగినచో లోపలి బరువు కొంత తగ్గును. అవసరమైనచో వైద్యుని వద్దకు తీసికొనిపోవలెను. జ్వరమునకు వైద్యుని చూచుట సిగ్గు కానప్పుడు, మనోవేదనకు చూచుటయు సిగ్గు కాదు. ఫలితముల దినమున ముందుగా చేయవలసిన పని సంఖ్యను అడుగుట కాదు; అన్నము తింటివా అని అడుగుట. ఆ దినమునకు ముందే, మరునాడు ఇంటిల్లిపాదియు కలిసి చేయు పని ఒకటి నిర్ణయించి యుంచుట మేలు. ఏ ఫలితము వచ్చినను మరునాడు అనునది ఒకటి కలదని దాని వలన బిడ్డకు తెలియును.

బ్రతికియుండిన బలుసాకు తిని బ్రతుకవచ్చునని తెలుగువారి సామెత. బలుసు పొలము గట్లపై, తుప్పలలో తనంతట తాను పెరుగు ముళ్లచెట్టు. కరవు దినములలో దాని ఆకు వండుకొని ప్రాణములు నిలుపుకొన్న పూర్వులు ఈ మాటను బిడ్డలకు ఇచ్చిపోయిరి. వారికి పంట అను స్తంభము పలుమార్లు కూలినది. కూలిన ప్రతిసారియు గట్టుపైనున్న ఆకును చూచిరి, మరల వానకై ఎదురుచూచిరి, మరల విత్తిరి. ర్యాంకు రాని బిడ్డకు బలుసాకు తినవలసిన అవసరము కూడ నేడు లేదు. దారులు ఎన్నియో కలవు. ఆ దారులు అతనికి కనబడునట్లు చేయుట పెద్దల విధి. కనబడువరకు నిలిచియుండుట బిడ్డ విధి. ఆ నిలిచియుండుటయందు అతనిని ఒంటరిగా విడువకుండుట అందరి విధి.